మూల సీటు

వదిన పోయిన రోజు సోమవారం. ఆ రోజు పొద్దున గోడకి అవతల కుర్చీలు జరిగిన చప్పుడు నాకు వినిపించింది. ప్రతి సోమవారం వినిపించేదే కాబట్టి చెవి పెట్టి వినలేదు. నేను ఏడో తరగతికి భాగహారం చెబుతున్నాను. గోడకి అవతల రెండో తరగతిలో వదిన "బండి కదులుతోంది" అంది, వెంటనే పిల్లలందరూ కలిసి రైలు కూత కూశారు, కుర్చీలు నేలమీద గీసుకున్నాయి, మళ్ళీ అంతా సద్దుమణిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టాఫ్‌రూమ్‌లో కిటికీ పక్క కూర్చుని, "అమ్మాయ్, కాసిని నీళ్ళు" అంది. నేను గ్లాసు నిండుగా తెచ్చాను. ఆ గ్లాసు గురించి ఇంతకంటే ఆలోచించను.

ఇప్పుడు అదే రెండో తరగతి గదిలో కూర్చున్నాను. నాలుగింటికి మీటింగ్ ఉందని చివరి గంట ఎత్తేసి పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు. వదిన కుర్చీ ఖాళీగానే ఉంది, అందులో కూర్చోవచ్చు, కానీ తలుపు పక్కనున్న పిల్లల సీటులో ఇరుక్కుని కూర్చున్నాను, మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయి. ప్లగ్గు ఇక్కడే ఉంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఎదురుగా వదిన లాప్‌టాప్. నిన్న అన్నయ్య ఇచ్చాడు, తుడిచి మరీ ఇచ్చాడు, కళ్ళద్దాల దుకాణం నడిపే మనిషి కదా, ఏ గాజునైనా తుడవకుండా ఎవరి చేతికీ ఇవ్వలేడు. పక్కన గుమాస్తా గారు మీటింగ్ కోసం అచ్చు తీసిన కాగితం ఉంది. అందులో చివరి వరుస చుట్టూ ఎర్ర గీత. ఆ వరుస ఉరుముది. ఈ వరుసని చూసి సాయంత్రం ఆ పిల్లని ఒకటో తరగతికి వెనక్కి పంపాలా వద్దా అని తేలుస్తారు. పంపాలనే అందరూ అనుకుంటున్నట్టు ఉంది. ఏడాది మొత్తం మీద ఆ పిల్ల చదువు ఒక్క అడుగు ముందుకు పడలేదట. కాగితం అదే చెబుతోంది.

ఉరుము అసలు పేరు కాదు. గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడదు కాబట్టి వదిన ఆ పిల్లకి ఉరుము అని పేరు పెట్టింది. వదిన పెట్టే పేర్లన్నీ తలకిందులే. క్షణం కుదురుగా ఉండనివాడు కొండ, ఎప్పుడూ ముక్కు కారుతుండేవాడు వేసవి. తన పేరు విన్నప్పుడల్లా ఉరుము నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది, ఆ నవ్వుకీ చప్పుడు ఉండదు. మొన్న వాళ్ళ అమ్మమ్మ గేటు దగ్గర నన్ను పట్టుకుంది. "మా పిల్లని వెనక్కి పంపిస్తారటగా టీచరమ్మా? ఇంట్లో బాగానే చదువుతుందే. నాకు కళ్ళు ఆనవు కదా, మందు సీసాల మీద అక్షరాలన్నీ అదే చదివి పెడుతుంది. తప్పు చదివితే నేనీపాటికి పోయి ఉండేదాన్ని." ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు, చూద్దామండీ అన్నాను. చూద్దాం అన్న మాట ఊరికే అనే మాట. ఈ గంటలో మాత్రం నిజంగానే చూడాలి.

వదిన పట్టిక తెరిచాను, బడి కంప్యూటర్లోనూ తెరుచుకునే ఫైలే, వదిన పోయిన నెలకి ఆమె చోటుకి వచ్చిన కొత్త టీచరు కూడా ఇందులోనే నింపుతోంది. పై నుంచి కిందికి ఇరవై సీట్లు, ఎడమ నుంచి కుడికి సోమవారాల తేదీలు, ఒక్కో గడిలో ఒక్కో అంకె. బ్లాక్‌బోర్డు పక్కన వేలాడే చార్టు మీది పేరాని ఆ సీటులో ఉన్న పిల్ల ఒక్క నిమిషంలో ఎన్ని పదాలు చదివిందో ఆ అంకె. సోమవారం మధ్యాహ్నం చివరి గంట చదువు గంట. వదిన తలుపు దగ్గర మొదలుపెట్టి బల్లల మధ్య పాములా మెలికలు తిరుగుతూ, వింటూ, లాప్‌టాప్‌లో అంకె నొక్కుతూ, చివరి మూలకి చేరేది. పట్టిక కూడా అదే క్రమంలో ఉంటుంది. పోయినేడు ఒక ఆదివారం వాళ్ళింట్లో బట్టలు మడతపెడుతూ దీని మీద పోట్లాడుకున్నాం. నేను అప్పుడే ఒక శిక్షణకి వెళ్ళొచ్చాను, కొత్తగా నేర్చుకున్నది ఎవరికో ఒకరికి చెబితేగానీ నిద్రపట్టని స్థితిలో ఉన్నాను. ఇలా అడ్డంగా పరిస్తే లాభం లేదు వదినా, ఒక్కో కొలతకి ఒక్కో వరుస ఉండాలి, ఏ వారం, ఏ సీటు, ఎన్ని పదాలు, అప్పుడు ఏది కావాలంటే అది అడగొచ్చు అన్నాను.

"నేను అడగాల్సింది పిల్లల్ని అడుగుతాను. నీ పట్టికని నువ్వు అడుక్కో," అంది.

"అది కాదు, దీన్ని నిలువుగా మారిస్తే..."

"ఇది పట్టిక కాదు ఆడపడుచు గారూ, నా గది. పైన తలుపు, కింద మూల. నిలువుగా మారిస్తే నా పిల్లలు సినిమా టిక్కెట్ల క్యూలో నిలబడ్డట్టు ఉంటారు. ఆ దుప్పటి అంచు పట్టుకో ముందు."

అంచు పట్టుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా నడిచి దుప్పటి మడిచాం, అంచులు కలిసినప్పుడు తన వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి, చల్లగా ఉన్నాయి, ఎప్పుడూ చల్లగానే ఉండేవి. దుప్పటి సగమై, పావై, చివరికి ఒక చిన్న చదరం అయింది. అడ్డంగా ఉన్నది నిలువుగా కావడం అంటే అంతే కదా అనుకున్నాను అప్పుడు, గుడ్డ అదే, మడత వేరు. ఇప్పుడు చెయ్యి మౌస్ మీద ఉంది, మారుద్దామా వద్దా అని ఆగింది. తన గదిని నేను చెదరగొడుతున్నట్టు ఉంది. అసలు ఫైలు అలాగే ఉంచి నకలు తీసుకున్నాను. నకలే అయినా సరే, తేదీలన్నిటినీ ఎంచి, నొక్కేముందు ఒకసారి ఆమె కుర్చీ వైపు చూశాను. నొక్కాను. గది పోయింది. దాని చోట మూడు సన్నటి నిలువు గీతలు, వారం, సీటు, పదాలు, కిందికి, ఇంకా కిందికి, వేలుతో జరుపుతున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి. నిజమే, క్యూలో నిలబడ్డట్టే ఉన్నారు.

లెక్కల టీచరుని కాబట్టి మొదట మొత్తం సరిచూశాను. సీట్లని వారాలతో హెచ్చవేస్తే రావాల్సినన్ని వరుసలు రాలేదు, చాలా తక్కువ ఉన్నాయి. ఎక్కడ జారిపోయాయా అని వెతికితే ఖాళీ గడులు. అంకె లేని గడికి వరుస ఎందుకని యంత్రమే తీసి పారేసింది. జ్వరంతో రాని పిల్లలు, పెళ్ళికి వెళ్ళిన పిల్లలు, అలాంటివి అక్కడక్కడా. తర్వాత వరసగా కొన్ని వారాలు మొత్తానికే లేవు. ఒక సోమవారం ఉంది, ఆ తర్వాతి సోమవారం నుంచి నెలరోజులు లేవు, ఆపైన మళ్ళీ మొదలయ్యాయి. ఈ పట్టికని చూసే కొత్తవాళ్ళకి ఆ మధ్యలో ఏమీ జరగలేదు, వారాలు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుపోయి, అతుకు కూడా కనిపించకుండా ఉన్నాయి. అడ్డం పట్టికలో అలా కాదు. ఏడాది మొదట్లోనే వదిన అన్ని సోమవారాల తేదీలూ పైన వరసగా టైపు చేసి పెట్టుకుంది, వచ్చే పరీక్షల దాకా, సెలవుల దాకా. ఆమె లేని తేదీల కింద ఇరవై గడులూ తెల్లగా నిలబడి ఉన్నాయి, ఎవరూ కూర్చోని కుర్చీల్లా. అడ్డం పట్టిక లేనిదానికి కూడా చోటు ఉంచుతుంది, నిలువు పట్టిక ఉన్నదాన్నే లెక్కపెడుతుంది. ఈ సంగతి శిక్షణలో ఎవరూ చెప్పలేదు, బహుశా చెప్పినా అప్పుడు నాకు పట్టి ఉండేది కాదు. వెనక్కి వెళ్ళి, ఖాళీలని కూడా ఉంచమని చెప్పి మళ్ళీ నొక్కాను. ఈసారి అన్ని వరుసలూ వచ్చాయి. తేదీ ఉంది, సీటు ఉంది, అంకె చోట ఏమీ లేదు. అలా ఉండనీ.

ఇప్పుడు అడగాలి. ఏమని అడగాలో తెలియలేదు. గుమాస్తా గారి కాగితం తీసి పక్కన పెట్టి అంకెలు పోల్చాను, అవే అంకెలు, ఎక్కడా తేడా లేదు. ఎర్ర గీతలోని వరుస వదిన పట్టికలో కూడా చివరి వరుసే. కాకపోతే వదిన పట్టికలో ఆ వరుస పేరు ఉరుము కాదు, సీటు ఇరవై. గుమాస్తా గారి కాగితంలో ఎక్కడా సీటు నంబర్లు లేవు, పిల్లల పేర్లు ఉన్నాయి. నిన్న కాగితం చేతిలో పెడుతూ ఆయన అన్నమాట అప్పుడు వినిపించింది, అన్నప్పుడు వినిపించలేదు. "సీటు ఒకటి, సీటు రెండు అంటే మీటింగ్‌లో ఎవరికి అర్థమవుతుంది మేడమ్? పోయి ఎవరెక్కడ కూర్చున్నారో స్వయంగా చూసి పేర్లు పెట్టా. ఒక్కడు కూడా తప్పు పోలేదు." నిజమే, ఒక్కడు కూడా తప్పు పోలేదు. ఆయన చూసిన రోజున ఎవరు ఎక్కడ కూర్చున్నారో వాళ్ళే అక్కడ ఉన్నారు.

కానీ బండి కదిలేది కదా.

ఈ గదికి అవతల పాఠం చెప్పే నాకు తప్ప స్టాఫ్‌లో ఆ సంగతి ఎవరికీ అంతగా తెలియదు. ప్రతి సోమవారం పొద్దున పిల్లలందరూ ఒక్కో సీటు ముందుకి జరుగుతారు, మూలలో ఉన్న పిల్ల తలుపు దగ్గరికి వస్తుంది, కూత కూస్తారు. నేను అది ఆట అనుకున్నాను. గోల అని కూడా అన్నాను, మా పిల్లలకి భాగహారం వినపడటం లేదు, మీ రైలు కాస్త చిన్నగా నడుపుకోండి అని. "టిక్కెట్టు కొనుక్కుని నువ్వూ ఎక్కు," అంది. అంటే చివరి వరుసలో ఉన్నవి ఉరుము అంకెలు కావు. ఆ మూలలో వారానికొక్కరు చొప్పున కూర్చుని లేచిపోయిన పిల్లల అంకెలు. మొదటి వారం ఒకరు, రెండో వారం ఇంకొకరు. మరి ఉరుము అంకెలు ఎక్కడ? ఇరవై వరుసల్లో చెల్లాచెదురుగా, మెట్లు దిగినట్టు ఏటవాలుగా, ఒక్కో తేదీకి ఒక్కో సీటు కిందికి దిగుతూ ఉన్నాయి. అడ్డం పట్టికలో ఆ మెట్లని కంటితో పట్టుకోలేం. వదిన పట్టుకునేది, ఎవరెక్కడో ఆమెకి తెలుసు, అందుకే రాసుకోలేదు.

నిలువు పట్టికకి నాలుగో గీత కలిపాను, పైన 'పిల్ల' అని రాశాను. ఒక్కసారిగా ఆసక్తి పుట్టింది, ఆకలిలాగా, చాలా రోజుల తర్వాత. సీటూ వారమూ తెలిస్తే పిల్ల ఎవరో తెలియాలి. మొదటిరోజు హాజరు క్రమంలోనే కూర్చోబెట్టిందని తెలుసు, ఆ కొత్త యూనిఫాముల వాసన, తలుపు దగ్గర మొదటి సీటులో ఏడుస్తున్న కొండ, గుర్తున్నాయి. సీటు నంబరులోంచి బండి ఎన్నిసార్లు కదిలిందో అన్ని తీసేసి, ఇరవైతో భాగిస్తే మిగిలిన శేషం పిల్లని చెబుతుంది. శేషం అనగానే మా ఏడో తరగతి కుర్రది గుర్తొచ్చింది, భాగఫలం వచ్చాక శేషం పారేయొచ్చా టీచర్ అని అడిగింది ఆ మధ్య, అందరూ నవ్వారు, నేనూ సరైన జవాబు చెప్పలేదు. రేపు చెప్పొచ్చు. చక్రంలో తిరిగేవాటికి అదే చిరునామా అని. సెలవుల వారం బండి కదలదు, అది ఒకటి చూసుకోవాలి. సెలవుల తర్వాత ఒక సోమవారం పిల్లలు రెండు సీట్లు జరగబోతే, "ఏయ్, సెలవుల్లో డ్రైవరు నిద్రపోయాడు, ఒక్క సీటే," అని వదిన అరిచింది, ఆ అరుపు గోడలోంచి వచ్చి నా బోర్డు మీద పడింది, మా పిల్లలు కూడా నవ్వారు. ఆ నవ్వు ఇప్పుడు ఫార్ములాలో ఒక చిన్న షరతు అయింది.

కిందిదాకా లాగాను. పేర్లు నిండాయి. ఉరుము పేరుతో వరుసలన్నీ ఒకచోటికి తెచ్చి చూశాను. మొదటి వారాల్లో తక్కువ, నెమ్మదిగా పెరుగుతూ, ఒకసారి జ్వరానికి ఖాళీ, మళ్ళీ పెరుగుతూ. కొండ కంటే నయం, వేసవికి దగ్గరగా. చదవలేని పిల్ల అంకెలు ఇవి కావు. ఒళ్ళు తేలికైంది, లేచి అటూ ఇటూ నడవాలనిపించింది, మోకాలు బల్లకి కొట్టుకుంది. అయితే చివరి వారాల దగ్గర ఏదో తేడాగా ఉంది. ఉరుము బాగానే చదువుతోంది, కానీ ఆ నెల ఖాళీ తర్వాత మాత్రం అందరి అంకెలూ చేతులు మారుతున్నాయి, ఈ వారం ఒకరి పేరు మీద ఉన్న అంకె వచ్చే వారం పక్కవాళ్ళ పేరు మీద, ఆ తర్వాతి వారం ఇంకొకరి పేరు మీద. పిల్లలు అలా వంతులవారీగా ఒకరి చదువు ఒకరు చదవరు. ఎక్కడో తప్పు చేశాను.

కొత్త టీచరు గొంతు గుర్తొచ్చింది. వచ్చిన వారంలో స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతూ అంది. "జరపడం గిరపడం నా వల్ల కాదండీ. ఎక్కడివాళ్ళు అక్కడుంటేనే నాకు పేర్లు గుర్తుంటాయి." ఎవరూ తప్పుపట్టలేదు, తప్పు కూడా కాదు, ఇరవై మంది పేర్లు ఒక్కసారిగా నేర్చుకోవాలి పాపం. బల్లల మీద పేర్ల చీటీలు అంటించింది. ఇదిగో, నా మోచేతి కింద ఉన్న చీటీ మీద అందంగా రాసిన పేరు. అంటే వదిన పోయిన సోమవారం పొద్దున ఎవరు ఏ సీటుకి జరిగారో ఈ రోజుకీ అక్కడే ఉన్నారు. బండి ఆగిపోయింది. నా ఫార్ములాకి ఆ సంగతి తెలియదు, అది వారం వారం పిల్లల్ని జరుపుతూనే ఉంది.

తెలియజెయ్యాలి. ఫలానా తేదీ తర్వాత కదలిక లేదు అని రాయాలి. ఆ తేదీని నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు. కాగితాలన్నీ అన్నయ్యే నింపాడు, సెలవు చీటీ మీద కూడా ఎవరో రాస్తే సంతకం పెట్టాను. వేళ్ళు కీల మీద ఉన్నాయి. 'కంటే చిన్న' అన్న పోలిక గుర్తు పెట్టాను, తర్వాత రోజు, నెల, సంవత్సరం. లెక్క కోసం అడిగితే రాసేశాను. ఎంటర్ నొక్కాను. పేర్లన్నీ ఒక్క కుదుపుతో మారాయి, చివరి వారాల్లో ప్రతి సీటు కిందా ఒకే పేరు మళ్ళీ మళ్ళీ. సీటు ఇరవై, ఉరుము. సీటు ఇరవై, ఉరుము. సీటు ఇరవై, ఉరుము. ఆ పిల్ల ఏటవాలుగా మెట్లన్నీ దిగి ఆ సోమవారం పొద్దునే మొదటిసారి మూలకి చేరింది. ఆ రోజు చదువు గంట జరగలేదు కాబట్టి ఆ తేదీ ఖాళీ. అప్పట్నుంచి అక్కడే ఉంది, అంకెలు సగానికి పడిపోయి, లేవకుండా.

అయితే ఉరుము ఇప్పుడు నిజంగానే చదవడం లేదా? కాసేపు ఆనందం ఆగింది. వాళ్ళ టీచరు పోయింది, పిల్లలకీ దుఃఖం ఉంటుంది, మాట్లాడని పిల్లకి ఇంకా ఎక్కువ ఉండొచ్చు. నాకే ఈ రెండు నెలల్లో ఏ పేజీ చదివినా రెండో వాక్యం దగ్గర మొదటిది జారిపోతోంది. కానీ మిగతా పిల్లలు పడిపోలేదే. వరుసల్ని ఈసారి సీటు ప్రకారం పేర్చాను. ఇదే, ఇలా అటూ ఇటూ తిప్పి అడగొచ్చనే కదా నేను దుప్పటి పట్టుకుని చెప్పబోయింది. మూల సీటులో కూర్చున్న ప్రతి పిల్లా ఆ ఒక్క వారం తక్కువే చదివింది. బాగా చదివేవాళ్ళు కూడా. పక్క సీటులో కొద్దిగా తక్కువ. అక్కణ్ణించి జరిగి తలుపు దగ్గరికి రాగానే అందరూ మళ్ళీ మామూలే. గుమాస్తా గారు పేర్చిన ఆ పనికిమాలిన వరుస ఎవరిదో కాదు, బల్లది. బల్ల చదువు ముందుకి పడలేదు.

లాప్‌టాప్ అక్కడే వదిలేసి మూలకి వెళ్ళాను. ఏముంది ఈ మూలలో? బల్ల ఊగుతుందేమో అని కదిపి చూశాను, ఊగలేదు. గోడకి చెవి పెట్టాను, అవతల నా తరగతి, ఖాళీగా. ఫ్యాను గాలి తగులుతోంది, చప్పుడు లేదు. బల్ల మీద చీటీ, దాని కింద పెన్సిలుతో గీసిన చిన్న రైలు, చెక్కలోకి దిగేలా గీసింది, పెట్టెలు కూడా ఉన్నాయి, చక్రాలు లేవు. ఉరుము గీసిందో అంతకుముందు వాళ్ళు గీశారో. సీటులో కూర్చున్నాను, ఏడేళ్ళ పిల్ల ఎత్తుకి వచ్చేదాకా కిందికి జారి, మెడ వంచి, తలెత్తి చార్టు వైపు చూశాను.

అక్షరాలు లేవు. తెల్లటి వెలుగు ఉంది. పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి చార్టు మీది నున్నటి తొడుగుకి తగిలి నేరుగా ఈ మూలకే వస్తోంది, పైన రెండు పంక్తులు మాత్రం కనిపిస్తున్నాయి, కిందంతా మెరుపు. సరిగ్గా చదువు గంట వేళ. తల కొంచెం పక్కకి వంచితే అక్షరాలు తేలతాయి, నిటారుగా కూర్చుంటే మునిగిపోతాయి. అలా తల ఆడిస్తూ కూర్చున్నాను, తేలుతూ మునుగుతూ, ఎవరైనా చూస్తే ఈవిడకి మతి చెడిందనుకుంటారు. ఎంత చిన్న సంగతి. ఎంత తేట సంగతి. వదినా, చూశావా అని నోటిదాకా వచ్చింది. గోడ వైపు తిరిగాను కూడా.

అన్నయ్యకి ఫోన్ చేశాను.

"చార్టు మీద ఆ నున్నటి తొడుగు నువ్వు వేయించిందేనా?"

"ఆ. మీ వదిన పోరితే వేయించా. లోపలి కాగితం వారం వారం మార్చుకునేలా. ఏం, చిరిగిందా?"

"లేదు. బాగానే ఉంది."

"మెరుస్తుందే బాబూ అని అప్పుడే చెప్పా నేను. ఎక్కడో ఒక వైపు కూర్చున్నవాళ్ళకి కనపడదన్నా. వింటేనా! పిల్లల చేతులకి మామూలు కాగితం వారం ఆగదంది. అయితే పిల్లల్ని తిప్పుతూ ఉంటా, ఏ వైపో అదే తెలిసిపోతుంది, అంది. తెలిసిందో లేదో మరి, నాకు చెప్పలేదు."

ఫోన్‌లో సానరాయి తిరుగుతున్న చప్పుడు, ఎవరి అద్దాన్నో అరగదీస్తున్నాడు. అయితే అది ఆట కాదు. కూత ఆట, కదలడం వెతకడం. ఇరవై సీట్లూ అందరూ తిరిగి వస్తేగానీ తేలదని తనకి తెలుసు, అందుకే ఏడాదికి సరిపడా తేదీలు వేసుకుంది, తొందరపడలేదు. పట్టికని అడగనని నన్ను ఏడిపించిన మనిషి, అడుగుతూనే ఉంది.

"ఉన్నావా?" అన్నాడు అన్నయ్య.

"ఉన్నాను. సాయంత్రం వస్తా."

"చార్జరు మర్చిపోకు," అన్నాడు. పెట్టేశాడు.

నాలుగు కాకుండానే ప్రిన్సిపాల్ గారు తలుపు దగ్గర నిలబడ్డారు, చేతిలో అదే ఎర్ర గీత కాగితం. మనిషి భారీగా ఉంటారు, మోకాళ్ళ నొప్పి. "అందరూ వచ్చారమ్మా. మీరు మూలన కూర్చుని చేసే తపస్సు ఏంటి?" అన్నారు. ఒక్కసారి ఇక్కడ కూర్చోండి సార్ అన్నాను. ఇందులో పడితే లేపడానికి నలుగురు కావాలి అంటూనే కూర్చున్నారు, బల్ల మూలిగింది. చార్టు చదవమన్నాను. చదవడం మొదలుపెట్టి రెండు పంక్తుల తర్వాత ఆగారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత తల పక్కకి వంచారు.

"ఇలా వంగితే కనిపిస్తోంది కదా."

"ఆ పిల్ల వంగదు సార్. కుదురుగా కూర్చోమని చెప్పాం."

లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాను, ఉరుము వరుసలు, తర్వాత మూల సీటు వరుసలు. నిలువు పట్టిక చదవడం ఆయనకి అలవాటు లేదు, వేలు పెట్టి ఒక్కో వరుసా దిగారు, సోమవారం తర్వాత సోమవారం. అంకె లేని వరుసల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. "ఇవెందుకు? ఏమీ లేవుగా, తీసెయ్యొచ్చు," అన్నారు. "అవి ఉండాలి సార్," అన్నాను. ఆయన తేదీ చూశారు. వేలు కిందికి జరిపారు, అవి ఉండనిచ్చారు.

"సరే. ఈరోజు ఏ నిర్ణయం వద్దని చెబుతాను," అన్నారు లేస్తూ, బల్లనీ నా భుజాన్నీ పట్టుకుని. "కానీ ఇది కాగితం మీది మాట. ఆ పిల్లని ఇంకో సీటులో కూర్చోబెట్టి చదివించి ఎవరో ఒకరు వినాలి. చాలా చిన్న గొంతు, విసుక్కోకుండా వినాలి. ఎవరు వింటారు?"

"నేను వింటాను."

ఆయన వెళ్ళారు, నడవాలో ఆయన అడుగుల చప్పుడు దూరమైంది. ఎండ చార్టు మీంచి కొద్దిగా జరిగింది, మూడో పంక్తి కూడా ఇప్పుడు కనిపిస్తోంది. అసలు ఫైలు తెరిచి చూశాను, గది ఎక్కడిదక్కడే ఉంది, పైన తలుపు, కింద మూల. వచ్చే సోమవారం తేదీని వదిన ఎప్పుడో టైపు చేసి పెట్టింది. దాని కింద ఇరవై గడులు ఖాళీగా ఉన్నాయి. చార్టుకి తొడుగు ఇంకా తియ్యలేదు. అన్నయ్యకి ఏ వైపో ఇంకా చెప్పలేదు. ఉరుము చీటీ ఇంకా మూల బల్ల మీదే ఉంది, పిల్లల్ని ఇంకా జరపలేదు.